రాహుకాలంలో గమ్మునుండే బాట్

మా బావ ఫోనెత్తితే "ఆఁ, చెప్పండన్నా" అని ఒక రాగం తీసేవాడు. అవతల ఆడమనిషైతే "చెప్పండక్కా". ఆ రాగం కోసమే జనం తమ ఊళ్ళో అంగడి ఉన్నా కాదని పళ్ళిపట్టు ఊరికొచ్చి షామియానాలు, వంట అండాలు, కుర్చీలు బాడుగకు తీసుకుపోయేవాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, బావ అంగడి ఆ సామెత మీదనే నడిచింది. అట్లాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటికనే తీసేసినారు. ప్రాణం నిలిచింది, మాట పోయింది.

ఎదురుగా నిలబడిన మనిషితో అయితే చేతులతో, కండ్లతో నెట్టుకొస్తాడు. మా అక్కను పిలవాలంటే వేలి ఉంగరంతో ఇత్తడి అండా మీద టంగుమని కొడతాడు. ఫోన్ మోగితేనే చిక్కు. అక్క ఎత్తొచ్చు కదా అంటారేమో, మా అక్క ఫోనెత్తితే బేరం పోట్లాటై ముగుస్తాది. "నీకు కావాలంటే తీసుకో, లేదంటే పో" అని ఒక పెళ్ళికొడుకు తండ్రికే చెప్పిన మనిషి. పైగా ఆమె సగం దినాలు టెంపోలో సామాన్లతో పోతా ఉంటాది.

నాలుగు నెలలు చూసి బావ ఫోన్లో టైపు చేసి మాకు చూపించినాడు. పెళ్ళిళ్ళు లేని ఆడి నెల ముగిసేలోపల ఒక దారి దొరక్కపోతే, దాని వెనక వచ్చే ఆవణి నెల పెళ్ళి ముహూర్తాలకు ముందే షోలింగర్‌లో ఉండే తన చిన్నాన్న కొడుక్కి అంగడి తాళం ఇచ్చేస్తాడంట. ఆ తమ్ముడు చెడ్డోడేం కాదు, తాళం కోసం కాచుకొనుండాడు, అంతే. అక్క ఆ దినం అన్నం తినలేదు. అంగట్లో కూర్చోకుండా ఉండే బావ అంటే ఎట్లుంటాడో నాకూ ఊహకు రాలేదు. భయమేసింది.

నాది తిరుత్తణిలో కాపురం, తిరువళ్ళూరులో ఉద్యోగం. ఒక కంపెనీ స్టోర్స్‌లో కంప్యూటర్ ముందర కూర్చునే పని. పెద్ద ఇంజనీరును కాదు. కానీ ఏదన్నా ఒకటి ఎందుకిట్లుండాదని పట్టుకుంటే వదిలిపెట్టే గుణం నాకు లేదు, ఇంట్లో అందరికీ ఇది తలనొప్పి. రైలు అరక్కోణం దాటి తిరువాలంగాడు వచ్చేలోపల ఫోన్లో వీడియోలు చూసి చూసి చాట్ బాట్ చేసేది నేర్చుకున్నాను. చాట్ బాట్ అంటే వేరేమీ లేదు, జనం మెసేజ్ పంపిస్తే మనిషి బదులు జవాబిచ్చే ప్రోగ్రామ్. ఫలానా తేదీకి షామియానా ఉండాదా, పెద్ద అండాలు ఎన్ని మిగిలినాయి, టెంపో మా ఊరికి వస్తాదా, ఈ మూడింటికీ జవాబు చెప్తే చాలు, బావకు సగం ఊపిరి.

అది చేసేది కష్టమేం కాలేదు. మా పక్క జనం రాసేది దానికి అర్థం చేయించేదానికే తల ప్రాణం తోకకొచ్చింది. మా పిలకాయలకు తెలుగు కంటే అరవం చదివేదే సులువు. అందుకని తెలుగు మాటను అరవం అక్షరాల్లో రాస్తారు, అరవం మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, తేదీని మాత్రం "వచ్చే శుక్రవారం కాదు, ఆపై శుక్రవారం" అంటారు. దినానికొక కొత్త రకం నేర్పిస్తా పోయినాను. మొదటి పలకరింపు మాత్రం ఏ ఆలోచనా లేకుండా రాసేసినాను: "చెప్పండన్నా, చెప్పండక్కా."

మా ఆఫీసులో పక్కన పడేసిన పాత లాప్‌టాప్‌నొకదాన్ని అడిగి తెచ్చి, అంగట్లో గరిటెలు పెట్టే పై అరలో పెట్టి బాట్‌ను నడిపించినాను. మొదటి వారం పండగే. బావ ఒక చేత్తో తాళ్ళు చుట్టుకుంటా ఇంకో చేత్తో ఫోన్ చూసుకుంటా, జవాబులు పోతా ఉంటే నోరు తెరిచి శబ్దం లేకుండా నవ్వేవాడు.

రెండో వారం నుంచి అది పడిపోయేది మొదలుపెట్టింది. పడిపోయేదంటే పూర్తిగా ఆగిపోతే బాగుండు. సిస్టంలో షెడ్యూల్ టాస్క్ అని ఒకటి ఉంటాది. ఫలానా యాళకు ఫలానా పని చెయ్యి అని ఒకసారి రాసి పెడితే, మనం యాడున్నా అది చేసేస్తాది. బాట్ ఆగిపోతే లేపు అని అందులో రాసి పెట్టినాను. కానీ ఇది ఆగలేదు. ఊపిరి ఉంది, ఉలుకు లేదు. సిస్టంను అడిగితే నడస్తానే ఉండాది అంటాది. జనానికి మాత్రం జవాబు పోదు. టాస్క్ వచ్చి చూసి, బాగానే ఉండాదే అనుకొని పోతా ఉంది. మా ఆఫీసులో కూడా అట్లాంటోళ్ళు ఉండారు, సీట్లో ఉంటారు, పని జరగదు.

అక్క "చచ్చింది" అనే మాట అననియ్యదు. పెళ్ళి సామాన్లు ఉండే తావులో ఆ మాట రాకూడదంట. అందుకని ఇంట్లో అందరం "బాట్ పడుకునింది" అనే అంటాం. అది పడుకున్నప్పుడల్లా బావ స్టూలెక్కి లాప్‌టాప్ ఆపి మళ్ళీ లేపాల. ఆయన యాడో గుడి ముందర కొయ్యలు పాతుతా ఉంటే, లేపేదెవరు? ఒక ఆసామి అట్లనే సాయంత్రం దాకా కాచుకొని ఇంకో అంగడికి పోయినాడు.

సరే, అది పడుకున్నా పడుకోకపోయినా గంటకొకసారి ఆపి లేపు అని టాస్క్ మార్చినాను. తెలివైన పని అనుకున్నాను. మళ్ళీ లేచినప్పుడల్లా అది అంతకు ముందు మాట్లాడిందంతా మరిచిపోతాదని నాకు తోచలేదు. ఒకామె ఊరు చెప్పి, తేదీ చెప్పి, అండాల లెక్క చెప్తా ఉండగా గంట కొట్టింది. బాట్ లేచి "చెప్పండన్నా, చెప్పండక్కా, మీది ఏ ఊరు?" అనింది. ఆమె మళ్ళీ అంతా చెప్పింది. ఇంకొకాయనకు కూడా ఇట్లనే అయ్యింది. ఆయన అంగడికొచ్చి బావ ముఖం మీదనే "మతి సరిగ్గా లేదా నీకు" అని అడిగేసినాడు.

ఆ దినం బావ నాకు పంపిన మెసేజ్ ఇంకా నా ఫోన్లో ఉండాది. "మరదలా, నాకు గొంతు పోయింది, బుద్ధి పోలేదు. ఇది నన్ను మతిమరుపోణ్ణి చేస్తా ఉంది." రైల్లో చదివినాను. పక్కన కావడి తట్టలతో కూర్చున్న భక్తులు హరోహరా అంటా ఉండారు, నాకు ఏమీ వినపడలేదు. కోపం వచ్చింది, ఆ లాప్‌టాప్ మీద, గంటకొకసారి లేపమని రాసిన నా తెలివి మీద. గంట టాస్క్‌ను అప్పుడే తీసేసినాను.

కోపం తగ్గినాక నా పాత గుణం లేచింది. అసలు ఇది ఎందుకు పడుకుంటా ఉంది? పడుకునే యాళ చూస్తే ఒక దినానికి ఒక దినానికి పొంతన లేదు. సోమవారం పొద్దున్నే, మంగళవారం సాయంత్రం, బుధవారం మిట్ట మధ్యాహ్నం దాటినాక. కరెంటు పోతా ఉందేమో అనుకున్నాను, లేదు. ఎండకు రేకులు కాలి లాప్‌టాప్ వేడెక్కుతా ఉందేమోనని అక్కతో తడి గోనెసంచి పైన వేయించినాను, సోమవారం పొద్దున్నే ఏం వేడి? అంగడి వెనకనే ఉండే ఇంట్లో అక్క మిక్సీ వేసినప్పుడు పడుకుంటాదేమోనని అనుమానించి, అక్కతో రోటి పచ్చడి నూరించినాను. రెండు దినాలు నన్ను తిట్టుకుంటా నూరింది. పచ్చడి బాగుండింది, బాట్ మాత్రం పడుకునింది. ఆడలేక మద్దెల ఓడన్నట్ల ఉండాది నీ కథ అనింది అక్క. తిరుత్తణి బస్సు వచ్చినప్పుడు సెల్ టవర్ మీద ఏమన్నా భారం పడతాదా అని కూడా చూసినాను. అందరూ నన్ను ఒక రకంగా చూసేదానికి మొదలుపెట్టినారు.

ఇంకో సంగతి నన్ను బాగా గెలికింది. ఈ సోమవారం పడుకున్న యాళకే పోయిన సోమవారం కూడా పడుకునింది. మంగళవారం కూడా అంతే. ఒక దినానికి ఇంకో దినానికి పొంతన లేదు గానీ, వారానికి వారానికి పొంతన ఉంది. మిషన్‌కు సోమవారం, మంగళవారం అని తెలిసేదెట్లబ్బా అని నాకు నిద్ర పట్టేది కాదు.

ఇక లాభం లేదని ఒక శుక్రవారం లీవు పెట్టి పొద్దున్నుంచీ అంగట్లోనే కూర్చున్నాను. మొదట్లో మెసేజ్‌లు వస్తా ఉండినాయి, బాట్ జవాబిస్తా ఉండింది. ఉన్నట్టుండి నిలిచిపోయినాయి. బాట్ పడుకునిందేమోనని నా ఫోన్ నుంచి నేనే ఒక మెసేజ్ పంపినాను, "చెప్పండన్నా, చెప్పండక్కా" అని వెంటనే పలికింది. బాగానే ఉంది. అడిగేవాళ్ళే లేరు. ఊరంతా ఒక్కసారిగా ఫోన్లు కింద పెట్టేసినట్ల ఉండింది.

అప్పుడొక పెద్దామె వచ్చింది. వాళ్ళ వీధి మారెమ్మ పేరు మీద ఆడి నెల గంజి కాచి జనానికి పోయాలంట, నాలుగు పెద్ద అండాలు కావాల. బావ అండాలు చూపించినాడు. ఆమె వంగి, తట్టి, అడుగు చూసి, బాగుండాయి అనింది. మా తట్టు మాట ఖాయం చేసుకునేటప్పుడు ఆకు వక్క చేతిలో పెడతారు. ఆకు వక్క ఆమె ఒడి సంచిలో కనిపిస్తానే ఉండాయి. ఇవ్వలేదు. బెంచీ మీద కాళ్ళు చాపుకొని కూర్చునేసింది.

"ఏం పెద్దమ్మా, ఇంకేమన్నా చూడాల్నా?" అని అడిగినాను.

"చూసేదేముండాది. రాహుకాలం పోనీ, ఆకు ఇస్తాను" అనింది.

నేను గబుక్కున లేచినాను. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. మెసేజ్‌లు నిలిచిపోయింది పదిన్నరకే. గోడకు వేలాడే దినకాగితాల క్యాలెండర్‌లో ప్రతి కాగితం మీదా రాహుకాలం అచ్చేసి ఉంటాది, అంగట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ నా ముక్కుకెదురుగానే ఉండాది. ఒక్కొక్క కాగితమే ఎత్తి చూసినాను. సోమవారం రాహుకాలం ముగిసేది పొద్దున్నే. మంగళవారం ముగిసేది సాయంత్రం. బుధవారం మధ్యాహ్నం దాటినాక. బాట్ పడుకున్న యాళలన్నీ రాహుకాలం ముగిసిన యాళలే.

పన్నెండు దాటింది. పెద్దామె లేచి బావ చేతిలో ఆకు వక్క పెట్టింది. అదే యాళకు అరలో ఉన్న లాప్‌టాప్ మీద మెసేజ్‌లు కుప్పలు కుప్పలుగా పడినాయి. ఎవురు గానీ పెళ్ళి మాట, గుడి మాట రాహుకాలంలో ఎత్తరు కదా, అందరూ ఫోన్ చేతిలో పట్టుకొని, కాచుకొని, అది పోతానే ఒక్కసారిగా అడగతారు. పొద్దున్నుంచీ మాట్లాడి మాట్లాడి ఉన్న ఆ ముసలి లాప్‌టాప్ ఉక్కిరిబిక్కిరై నిలబడిపోయింది. నా కండ్ల ముందరే పడుకునింది. నాకు నవ్వు ఆగలేదు.

"ఏం తల్లీ, ఆకు ఇస్తే నవ్వుతావు" అనింది పెద్దామె.

"నువ్వే నన్ను బతికించినావు పెద్దమ్మా" అన్నాను. ఆమెకు ఏం అర్థమయ్యిందో, బావ తట్టు తిరిగి నా తలకాయను చూపించి, సరిగ్గా లేదన్నట్ల చెయ్యి ఊపింది.

చేయాల్సింది ఇప్పుడు తేటగా తెలిసింది. ఎవురూ మాట్లాడని ఆ యాళనే బాట్‌కు కూడా పడక యాళ చేసేస్తే సరి. రాహుకాలం మొదలవుతానే టాస్క్ దాన్ని ఆపేస్తాది. ముగిసేదానికి కొంచెం ముందర లేపుతాది. మధ్యలో మాట మరిచిపోయేదానికి మాట్లాడేవాళ్ళే ఉండరు. గుంపు వచ్చి పడేటప్పటికి అది స్నానం చేసొచ్చినట్ల తాజాగా ఉంటాది. షెడ్యూల్ టాస్క్‌లో ఏ దినానికి ఏ యాళ అని వేరు వేరుగా రాసుకునే వీలు ఉండనే ఉండాది. దాన్ని చేసిన మహానుభావుడెవరో, రాహుకాలం కోసమే చేసినట్ల నాకు అనిపించింది.

అక్క ఇంట్లోకి పోయి చెప్తే అక్క ఒప్పుకోలేదు. "రాహుకాలంలో ఆపితే ఆపు. రాహుకాలం ముగిసేదానికి ముందరే లేపుతానంటావే, ఎవరన్నా ఆ యాళలో మొదలుపెడతారా? నీకు చదువెక్కువై ఇట్ల మాట్లాడతా ఉండావు."

"ముగిసినాక లేపితే గుంపు వచ్చి పడుంటాది అక్కా, లేస్తానే మళ్ళీ పడుకుంటాది."

ఇద్దరం గొంతులు పెంచినాం. టంగుమని శబ్దమొచ్చింది. బావ అండా మీద ఉంగరంతో కొట్టి, ఫోన్లో టైపు చేసి అక్క ముందర పెట్టినాడు. "పొద్దున షట్టర్ తెరిచేటప్పుడు యాళ చూస్తాం. మధ్యాహ్నం తిని వచ్చి మళ్ళీ ఎత్తేటప్పుడు చూస్తామా?"

అక్క చదువుకునింది, మళ్ళీ చదువుకునింది. పొద్దున మంచి యాళ చూసి ఒకసారి లేపాల, అది అంగడి తెరిచేదాని లెక్క. ఆ మీద పగలు లేపేది తినొచ్చి షట్టర్ ఎత్తేదాని లెక్క, అంతే. ఇట్ల రాజీ కుదిరింది. అయితే ఇంకో షరతు పెట్టింది. ఆ టాస్క్‌ను నేను కుళిగైలో రాసి పెట్టాలంట. క్యాలెండర్‌లో రాహుకాలం పక్కనే కుళిగై కూడా ఉంటాది. ఆ యాళలో చేసిన పని మళ్ళీ మళ్ళీ జరుగుతాదని మా నమ్మకం. అందుకే ఆ యాళకు శవం ఎత్తరు, నగ కొంటారు. "దినదినం జరగాల్సిన పని కదా, మరి కుళిగైలో కాకుండా ఎప్పుడు పెడతావు?" అనింది. నేను వాదించలేదు. షెడ్యూల్ టాస్క్‌కు అంతకంటే తగిన యాళ ఏ కంప్యూటర్ పుస్తకంలోనూ రాసి ఉండరు.

ఆదివారం కుళిగై మధ్యాహ్నం, దాని వెనకనే రాహుకాలం. అక్క పక్కన నిలబడి గడియారం చూస్తా ఉంటే టైపు చేసినాను. టాస్క్ చెప్పిన యాళకు బాట్ ఆగింది. చెప్పిన యాళకు లేచింది. సాయంత్రం రాహుకాలం పోతానే మెసేజ్‌లు వచ్చి పడినాయి. మేం ముగ్గురం స్టూలు చుట్టూ నిలబడి పైకి చూస్తా ఉన్నాం. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి, జవాబులు పోతానే ఉండినాయి. పడుకోలేదు. అక్క పోయి కాఫీ పెట్టుకొచ్చింది, నాకు చక్కెర జాస్తిగా వేసింది.

మిగిలిన ఆడి అంతా అది నిలబడింది. బావ మాత్రం ఇంకా ఏమీ తేల్చలేదు. తాళం ఇచ్చే మాట ఆయన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. షోలింగర్ తమ్ముడు మాత్రం ఫోన్ చేస్తా ఉండినాడు, ఎప్పుడు రమ్మంటారని. ఎవరో ఏదో అన్నారని కాదు, ఒక మిషన్ చెప్పే మాట తన మాట అవుతాదా అని బావకు లోపల ఉండినట్లుంది. దానికి జవాబు నేను రాసిచ్చేది కాదు.

ఆవణి దగ్గర పడినాక, వెంగల్ నుంచి ఒక ఆసామి వచ్చినాడు. బిడ్డ పెళ్ళి. అంత దూరం నుంచి మా అంగడికి ఎప్పుడూ రాలేదు, బంధువులు చెప్తే మెసేజ్‌లు పెట్టి, జవాబిచ్చేది బాట్ అని తెలియక, సామాన్లు చూసుకునేదానికి వచ్చినాడు. నేనూ ఆ దినం అక్కడే ఉన్నాను. ఆయన బావకు నమస్కారం పెట్టి, పెళ్ళి సంగతంతా చెప్పినాడు. బావ తల ఊపినాడు, నవ్వినాడు, కుర్చీ చూపించినాడు. ఆసామి కొంచెంసేపు చూసి నా తట్టు తిరిగినాడు.

"ఏమ్మా, అన్న రాహుకాలంలో మాట్లాడడని మా వాళ్ళు చెప్పినారు. అంత పద్ధతిగల మనిషి, మిగిలిన యాళల్లో ఎప్పుడు అడిగినా పలకతాడు అన్నారు. ఇప్పుడు రాహుకాలం కూడా కాదే, ఎందుకు పలకలేదు?"

ఊళ్ళో వాళ్ళకు బావ సంగతి తెలుసు. బయటి ఊళ్ళలో మాత్రం ఆయన దినానికి గంటన్నర గమ్మునుండే మనిషి. మిగిలిన పొద్దంతా మాట్లాడే మనిషి. ఆపరేషన్ గురించి చెప్దామని నేను నోరు తెరిచినాను. బావ చెయ్యి అడ్డం పెట్టినాడు. మెడకు చుట్టుకున్న తుండుగుడ్డ పక్కకు తీసి గొంతు మీద ఉన్న ఆపరేషన్ కంతను తానే చూపించినాడు. ఇన్నాళ్ళలో తానై ఒక కొత్త మనిషికి చూపించింది నేను చూడలేదు. చూపించి, ఫోన్ తీసి టైపు చేసినాడు. ఆసామి జేబులో ఫోన్ మోగింది. బాట్ రాసింది కాదు, బావ రాసింది: "చెప్పండన్నా. బిడ్డ పెళ్ళికి ఏమేం కావాల?"

ఆసామి ఫోన్ చూసినాడు, బావను చూసినాడు. పైకండువాతో ముఖం తుడుచుకొని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఆయన నోటితో చెప్తా, బావ వేళ్ళతో చెప్తా, ఇద్దరూ వంట అండాల నుంచి చేతులు కడిగే తొట్టి దాకా మాట్లాడుకున్నారు. బేరం కూడా ఆడినారు. ఆకు వక్క ఇచ్చి పోయినాడు.

ఆయన పోయినాక అక్క మెల్లగా అడిగింది. "మీ తమ్ముడు మళ్ళీ ఫోన్ చేసినాడు. తాళానికి రేపు రమ్మంటావా, ఏం చెప్పేది?"

బావ లేచి క్యాలెండర్ దగ్గరికి పోయి రేపటి కాగితం ఎత్తి చూసి వచ్చినాడు. టైపు చేసి ఫోన్ అక్క చేతిలో పెట్టినాడు.

"రమ్మను. సరిగ్గా రాహుకాలంలో రమ్మను."

అక్క ఏడ్చేసింది, నవ్వతానే ఏడ్చింది. రాహుకాలంలో అంగడి తాళం ఇచ్చేవాళ్ళు, తీసుకునేవాళ్ళు మా తట్టు ఎవురూ లేరు.